తమ్ముడి మెడలో చక్కెర పేర్లు

మా చిన్నప్పుడు... పాడ్వా నాడు పొద్దున్నే ఆయి నన్ను లేపి వేపచిగుళ్లు తెమ్మనేది.

ఆయి అంటే అమ్మ. మా ఇళ్లలో అట్లనే పిలుస్తాం. సిద్దిపేట సాలెల వాడ చివర మరాఠీ మాట్లాడే ఇళ్లు ఐదే ఐదు. మగ్గాలకు నూలు అద్దకం వేసే పని మాది. తాతల కాలంలో బండ్లు కట్టుకొని వచ్చి ఇక్కడే ఉండిపోయాం...

ఊరంతా ఉగాది చేసుకునే రోజే మాకు పాడ్వా. వాకిట్లో గుఢీ నిలబెడతాం. పొడుగాటి వెదురు కర్ర, కొసకు పట్టుబట్ట, వేపరెమ్మ, చక్కెర బిళ్లల దండ... వాటి పైన బోర్లించిన రాగిచెంబు. పొద్దుగూకేదాకా అది దిగకూడదు. నడుమ దిగితే ఆ ఇంటికి కీడంటారు.

ఐదిళ్లకూ కలిపి ఒకటే గుఢీ. ఏ ఇంట్లో కొత్తగా బిడ్డ పుడితే ఆ ఇంటి ముందర. ఆ ఏడు మా వంతు వచ్చింది... తమ్ముడు పుట్టాడు. గుఢీ దిగాక ఆ చక్కెర దండ బిడ్డ మెడలో వేయాలి. వాడికంటే ముందు పుట్టిన ఇద్దరూ మొదటి పాడ్వా చూడకుండానే పోయారు. అందుకే, అది మెడలో పడితే వీడైనా దక్కుతాడని, ఆయి నెల రోజులుగా ఆ దండ మాటే ఎత్తేది.

పట్టుబట్టా, దండా మా ఆత్యవి. ఆత్య అంటే నాన్నకు అక్క. చక్కెర పాకం పోసే కొయ్య అచ్చులు ఐదిళ్లలో ఆమె దగ్గరే ఉండేవి. ఇట్లాంటి దండ ఈ దేశంలో మనకు తప్ప ఎవరికీ తెలియదని ఏటా చెప్పేది. ఆమె అంటే నాకు పడదు. ఇది రాస్తూ కూడా పళ్లు కొరుకుతున్నాను.

ఆ పొద్దున పక్కింటి లచ్చవ్వ, మగ్గం నేసే ముసలామె, గోడ మీదుగా ముంతెడు ఉగాది పచ్చడి నా చేతికిచ్చింది. మేము వేపచిగుళ్లు, బెల్లం, వాము నూరి ముద్ద చేస్తాం. ఆ ముద్ద పక్కనే ముంత కూడా గుఢీ ముందర పెట్టేశాను. దేవుడికి రెండు రకాలైతే ఇంకా మంచిదే కదా అనుకున్నాను.

ముంతలోది ఆత్యే అందరికీ పంచింది, మా ముద్దనే ఎవరో నీళ్లలో కలిపారనుకొని. తానూ తాగింది... రెండోసారి పోసుకుంది. నవ్వుతూ అడిగింది, ఈ ఏడు ఇంత రుచిగా ఎవరు కలిపారని.

లచ్చవ్వ ఇచ్చిందని గొప్పగా చెప్పాను.

ముంత పోయి గోడకు తగిలి పగిలింది. "సాలెదాని చేతి నీళ్లు దేవునికి పెట్టిపిస్తవా?" అంటూ ఆత్య ఆయి మీదికి వచ్చింది. తనకు తెలియదని, పిల్ల చేసిన తప్పని ఆయి చేతులు పట్టుకుంది. వినలేదు. ఈ ఊళ్లో పుట్టినదానికి మన పద్ధతి ఏం తెలుసని, ఆయి పుట్టుక మొదలుకొని కూరలో పోసే చింతపులుసు దాకా తిట్టింది. ఆఖరికి తాడు విప్పి గుఢీని కింద పడుకోబెట్టింది. పట్టుబట్ట, దండ తీసి చంకన పెట్టుకొని పోయింది. ఇంకా పొద్దు నడినెత్తికి కూడా రాలేదు...

ఒక్కరూ వద్దనలేదు. నాన్న నీలిమందు అంటిన తన చేతులే చూసుకుంటూ నిలబడ్డాడు.

లచ్చవ్వకు మరాఠీ రాదు. కానీ ముంత పగిలిన చప్పుడు వినబడింది. గొల్లభామ బొమ్మలు నేసిన మడత విప్పని చీర పట్టుకొని వచ్చింది. దాని ఎరుపు నాన్న అద్దిందే. "నా పచ్చడికే గదా ఇంత లొల్లి. ఇది ఇప్పుడే మగ్గం మీదికెల్లి కోసిన, ఎవలు కట్టలె. లేపు బిడ్డా గా కర్రను" అంది.

ఆయి కన్నీళ్లు తుడుచుకొని దండ సంగతి చెప్పింది. లచ్చవ్వ మళ్లీ ఇంట్లోకి పోయి, హోళీకి మనుమడి కోసం కొన్న చక్కెర పేర్లు, దారానికి గుచ్చిన చక్కెర బిళ్లలు, తెచ్చింది. "రెండు బిళ్లలు మావోడు కొరికిండు, తీసేసిన" అంది.

నేను వాటిని చేతిలోకి తీసుకున్నాను. అవే బిళ్లలు... అదే దారం! ప్రతి హోళీకి బజారు నిండా వేలాడేవే. ఇన్నేళ్లు చూస్తూ కూడా, అవీ ఆత్య దండా ఒకటేనని మాకెవరికీ తట్టలేదు.

ఆ ఎర్రచీరతో ఆయే గుఢీ లేపింది. పొద్దుగూకాక దించి, పేర్లు తమ్ముడి మెడలో వేసింది. ఆత్య తన గడపలో నిలబడి, నాలుగిళ్లూ వినేట్టు మరాఠీలో అంది: "వాళ్ల చక్కెర వేసినవు. రేపు వాని నోట్లె మన మాట ఉండది, చూస్తుండు."

ఆయి ఎన్నడూ ఆమెకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. అదీ వాడ మొత్తానికి తెలిసేట్టు తెలుగులో.

"ఉండకపోతె ఉండకపాయె వదినా. నా పిలగాడు ఉంటె సాలు."

ఎనిమిదేళ్లయింది. తమ్ముడు ఉన్నాడు. వాడి నోట్లో తెలుగే ఉంది. సర్కారు బడిలో ఉండే ఉర్దూ చదివి, ఈ పఠనాలయంలో తెలుగు అక్షరాలు దిద్దుకొని, ఇప్పుడు కనబడ్డ మాటనల్లా నోట్లో నానబెట్టుకునే పిచ్చి నాకూ పట్టింది. ఆత్య మాత్రం మేము ఎదురైతే మొహం తిప్పుకొని పోతుంది. పోనీ.

ఇప్పుడు పాడ్వాకు ఐదు వాకిళ్లలో ఐదు గుఢీలు. ఆయి హోళీకే రెండు పేర్లు కొని ఒకటి దాస్తుంది. ఆత్య చేతులకు వణుకు వచ్చి, అచ్చులు పెట్టెలో పడి ఉన్నాయట. ఆమె ఇవ్వదు... మేము అడగం.

నా కోపం పోలేదు. పోవాలని కూడా లేదు. కానీ రెండోసారి పచ్చడి పోసుకుంటూ ఆత్య నవ్విన నవ్వు ఉంది చూడండి... మేమంతా ఒక్క వాకిట్లో ఉండగా నవ్విన ఆఖరు నవ్వు అదే.

మన పఠనాలయం గోడపత్రికలో ఈ కాగితం కింద సగం ఖాళీగా వదిలాను. పక్కన దారానికి పెన్సిల్ కట్టాను. మీ ఇంటి పండుగ నాడు ఎవరు ఎవరిని కాదన్నారో రాయండి. ముంత పగలకముందు ఎవరు నవ్వారో... అది కూడా రాయండి.