మార్తమ్మ టీచరు గారి తెరచాప ప్రయాణం

నిన్న మధ్యాహ్నం ఆటో నడిపే ఒకాయన తన బండి టాపు కుట్టిపెట్టమని మందపాటి కాన్వాసు గుడ్డ తెచ్చి మా కొట్లో బల్ల మీద పరిచాడు. కొత్త గుడ్డ. గంజి వాసన గదంతా నిండిపోయింది. అంచు మీద అంచు మడిచి మిషను కిందికి నెట్టి నాలుగు తొక్కులు తొక్కానో లేదో, టక్కున సూది విరిగింది. కొత్త సూది కోసం లేచిన దాన్ని, దాని సంగతి మరిచిపోయి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. "రేపటికి ఇస్తారాండి?" అని ఆయన రెండుసార్లు అడిగితే గాని నాకు వినపడలేదు. ఆ వాసనా ఆ చప్పుడూ కలిసి వచ్చాయంటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. పాతికేళ్ళు దాటినా పోని జబ్బు ఇది. దీనికి కారణమైన మార్తమ్మ టీచరు గారిని ఎరిగినవాళ్ళు రాజోలులోనే ఇప్పుడు తక్కువ. అందుకని ఆవిడ గురించి నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఆవిడ రాజోలు బస్టాండు వెనక సందులో, రెండు గదుల పెంకుటింట్లో కుట్టు క్లాసు నడిపేవారు. తొంభైల మధ్య సంగతి. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ కడతానని నేనూ, కట్టి ఏం చేస్తావని నాన్నా కొన్నాళ్ళు వాదించుకున్నాక, మామిడికుదురు నుంచి రోజూ బస్సెక్కి ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకోవడానికి ఇద్దరం రాజీ పడ్డాం. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. అమ్మానాన్నలు పొలం కూలీలు. మిషనరీల బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివి, అక్కడే కుట్టు నేర్చుకుని, కుట్టుమిషను మీదే ఇద్దరు తమ్ముళ్ళని చదివించి బడిపంతుళ్ళని చేశారు. తను పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి తప్ప ఆవిడ రాజోలు దాటి వెళ్ళగా నేను చూడలేదు. నేనైతే ఆవిడకి పూర్తి విరుద్ధం. ఏ పనీ చివరిదాకా చేసే ఓపిక లేదు. కాజాలు కుడుతుంటే మనసు బస్టాండులో ఉండేది, బస్సులో కూర్చుంటే ఇంట్లో ఉండేది.

క్లాసులో ఆవిడదొక పద్ధతి ఉండేది. మేం కుట్టినదాన్ని ఆవిడ తిరగేసి చూసేవారు కాదు. "అయిందా అమ్మా?" అని అడిగేవారు. "అయిందండి" అంటే తీసుకుని మడతపెట్టి బీరువాలో పెట్టేసేవారు. ఎక్కడో తప్పిందని మనమే చెబితే కోప్పడేవారు కాదు, ఎందుకు తప్పిందని అడిగేవారూ కాదు. "విప్పు" అని ఒక్క మాట. మొదట్లో ఈ పద్ధతి నాకు భలే నచ్చింది, పట్టుకునేవాళ్ళే లేరు కదా అని. నెల తిరక్కుండా దాని బరువు తెలిసింది. ఆవిడ చూడరు కాబట్టి నేను నాలుగుసార్లు చూసుకోవలసి వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మీరొకసారి చూడొచ్చు కదండీ?"

"నేను చూస్తే నువ్వు చూడవు కదమ్మా," అన్నారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ జనవరిలో సత్తియ్య అనే నావ ఆయన మా క్లాసు వెతుక్కుంటూ వచ్చాడు. అంతర్వేది వైపు వాడు. పాతపాయ మీద కొబ్బరికాయలు చేరవేస్తుండేవాడు. పాతపాయ అంటే ఒకప్పటి గోదావరి పాయే. సముద్రం వైపు మూతి ఇసుకతో పూడిపోయి, పైనుంచి కాలువనీళ్ళు వచ్చి చేరి, మైళ్ళ పొడుగున మంచినీళ్ళ సరస్సై నిలిచిపోయింది. అప్పటికే నావలన్నీ ఒక్కటొక్కటిగా ఇంజన్లకి మారుతున్నాయి. తెరచాప కుట్టేవాళ్ళు దొరకడం లేదు. జాకెట్లు కుట్టేచోట తెరచాపేమిటని మేం ఆడపిల్లలం ముసిముసిగా నవ్వాం. టీచరు గారు నవ్వలేదు. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "కుడతామండి. కూలి వద్దు. ఒక పూట నన్ను పాతపాయ చివర మలుపు దాకా తీసుకెళ్ళాలి. సరుకు వెయ్యకూడదు. తెరచాప మీదే వెళ్ళాలి," అన్నారు.

"ఆయ్. అదెంత పనండీ. కానీ ఆ మలుపవతల ఏముందంటేనండి..." అని సత్తియ్య మొదలుపెట్టాడు.

"చెప్పకండి సత్తియ్య గారూ. నేనే చూసుకుంటాను."

ఆ తర్వాత నాకు చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళమ్మతో ఊడ్పులకి వెళ్ళినప్పుడు, చేలో నడుం ఎత్తితే పాతపాయ కనిపించేదట. తెరచాపలు వరసగా అటు చివరికి పోయి, మలుపు దగ్గర ఒక్కొక్కటే మాయమైపోయేవట. "అవెక్కడికి పోతున్నాయే అనడిగితే మా అమ్మ నడుం వంచు అనేదమ్మా," అన్నారు. యాభై ఏళ్ళు దాటిన మనిషి అలాంటి కోరిక దాచుకుని ఉంటారని నాకు తోచనే లేదు. జాలేసింది, కొంచెం నవ్వూ వచ్చింది.

తెరచాపంటే పొడుగాటి పట్టీలని పక్కపక్కన అతకడమే. ఒక్కో అతుకునీ అంచు మీద అంచు మడిచి, రెండు వరసలు కుట్టాలి. మిషను నడవక మూలిగేది. గదిలో తిరగడానికి చోటు లేక గుడ్డ కిందనుంచి దూరి వెళ్ళేవాళ్ళం. సగం టీచరు గారు కుట్టారు, సగం నాకు అప్పగించారు. నా ఆఖరిదైన నాలుగో అతుకు సగంలో ఉండగా వరసగా రెండు సూదులు విరిగాయి. సాయంత్రం బస్సు వేళ అయిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మిగతా సగం గుడ్డ జారకుండా చేత్తో కచ్చా కుట్టు వేసేశాను. తర్వాత ఊడదీయడానికని వేసే పొడుగాటి కుట్లు కదా అవి, పావుగంటలో అయిపోయింది. పొద్దున్నే వచ్చి మిషను మీద కుట్టేద్దామని నా ఆలోచన.

"అయిందా అమ్మా?" అని లోపలి గదిలోంచి అడిగారు.

"అయిందండి," అని చెప్పులేసుకున్నాను.

పొద్దున్న మొదటి బస్సుకే వచ్చాను. అప్పటికే సత్తియ్య వచ్చి తెరచాప తీసుకుపోయాడు. గది బోసిగా ఉంది. నోరు తెరిచి చెప్పేదాన్నేమో, అంతలో ఆవిడ, "శనివారం నువ్వూ రా పద్మా. సగం కుట్టింది నువ్వేగా," అన్నారు. అంత సంతోషంగా ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడలేదు. చెప్పకుండానే సాయంత్రం బస్సెక్కేశాను.

శనివారం తెల్లవారుతూనే పాతపాయ ఒడ్డున నావెక్కాం. టీచరు గారు కొత్త నేత చీర కట్టుకుని, పులిహోరా ఉడకబెట్టిన గుడ్లూ సంచిలో పెట్టుకుని వచ్చారు. సత్తియ్య ముందే చెప్పాడు: "పొద్దుటి నేలగాలి మనల్ని అటు తీసుకెల్తాదండి. పది దాటితే అది పడిపోద్ది. మజ్జానానికి సముద్రం గాలి లేచి ఇటు తోసుకొచ్చేత్తాది. అటెల్లేదేదో ఆలోపే ఎల్లిపోవాలండి." తెరచాప ఎత్తగానే నావ చప్పుడు లేకుండా కదిలింది. గట్టు మీద కొబ్బరి చెట్లు వెనక్కి జరగడం మొదలుపెట్టాయి. ఆవిడ ముందు భాగాన కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, దోసిట్లో తీసుకుని తాగారు. "తియ్యగా ఉన్నాయి పద్మా, తాగు," అన్నారు. నేను తాగాను. రుచి తెలియలేదు. నా కళ్ళు నాలుగో అతుకు మీదే ఉన్నాయి.

గాలి నిండినకొద్దీ ఆ అతుకు సాగుతోంది. ఒక్కో కుట్టు సందులోంచి ఎండ చుక్కలుగా కనపడసాగింది. పది చుక్కలు. కాసేపటికి ఇరవై. లేచి అటు కూర్చున్నాను, మళ్ళీ ఇటు కూర్చున్నాను. "నావ అదురుద్ది, కుదురుగా కూకోండమ్మా," అని సత్తియ్య కసిరాడు. చెబితే ఆవిడ రోజు పోతుంది. చెప్పకపోతే గాలి పెరిగినప్పుడు తెరచాప నిలువునా చిరిగి అతని బతుకుతెరువు పోతుంది. మలుపు దాకా ఆగితే చాలు, అక్కడికి చేరాక చెబుతానని నాతో నేను బేరం పెట్టుకున్నాను. మలుపు దగ్గర సరుగుడు చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. దారిలో మూడొంతులు వచ్చేశాం. టీచరు గారు మునివేళ్ళ మీద లేచి మరీ చూస్తున్నారు. అప్పుడు పైన ఒక దారం పుటుక్కున తెగి వేలాడింది.

"టీచర్ గారూ, నాలుగో అతుకు అవలేదండి," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగారు. "ఎంత మేర?"

"పై సగమండి. కచ్చా కుట్టు వేసి, అయిందని చెప్పేశానండి."

ఆవిడ తెరచాపని చూశారు, మలుపుని చూశారు. నన్ను మాత్రం చూడలేదు. సత్తియ్యకి నా మీద కోపం వచ్చినా, ఆవిడ ముఖం చూసి తగ్గాడు. "ఎంతోదూరం లేదండి టీచరమ్మ గారూ. ఈ గాలికి ఆగుద్దేమో చూద్దామా? దించేమంటే మళ్ళీ అటెల్లడం అవదండి," అన్నాడు.

"ఆగకపోతేనండి?"

అతను తెరచాప వైపు తలెత్తి చూశాడు.

"దించేయండి," అన్నారు.

ఆవిడ చేతిసంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉండేవి. రెండు సూదులకి దారం ఎక్కించి ఒకటి నాకిచ్చారు. "విప్పు," అన్నారు. సత్తియ్య గడ గుచ్చి నావని నిలిపాడు. తెరచాప మా ఒళ్ళో పరుచుకుని, నేను ఒక కొసనుంచీ ఆవిడ ఒక కొసనుంచీ చేత్తో కుట్టడం మొదలుపెట్టాం. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు మసకలై సూది వేలిలో దిగింది.

"ముందు ఏడ్చేయమ్మా. తరవాత కుట్టు. రెండూ కలిపి చేస్తే వంకరొస్తాది," అన్నారు, తన కుట్టు మీదనుంచి తల ఎత్తకుండా.

రెండు వరసలూ పూర్తయ్యేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. నేలగాలి పడిపోయి నీళ్ళు అద్దంలా నిలిచాయి. పులిహోర తిన్నాం. నేను పోనీ గడతో తోసుకుంటూ వెళ్ళలేమా అని సత్తియ్యనడిగాను. ఇక్కడంటే అందింది గాని, ముందుకెళితే లోతు, గడకి అడుగు అందదన్నాడు. కాసేపటికి ఎదురునుంచి చల్లగాలి తగిలింది. సముద్రం గాలి. తెరచాప ఎత్తితే బిగుసుకుని నిలబడింది. ఒక్క చుక్క ఎండ కూడా కనపడలేదు. నావ ఇంటిముఖం పట్టింది. టీచరు గారు మాకు వీపు పెట్టి, వెనక్కి తిరిగి మలుపు వైపే కూర్చున్నారు. సరుగుడు చెట్లన్నీ కలిసి ఒక గీత అయిపోయేదాకా అలాగే ఉన్నారు.

"మీ రోజు పాడుచేశానండి," అన్నాను, ఉండబట్టలేక.

కాదంటారని ఆశపడ్డాను. ఆవిడ మలుపు వైపునుంచి తిరగకుండానే, "అవునమ్మా, పాడుచేసేవు," అన్నారు. మెల్లగా, కోపం లేకుండానే అన్నారు. ఇంకో మాట తోడైతే బాగుండునని ఒడ్డు చేరేదాకా ఎదురుచూశాను.

సోమవారం క్లాసుకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. నాన్న అరిస్తే వెళ్ళాను. ఆవిడ మామూలుగానే ఒక జాకెట్ కత్తిరించి నా చేతికిచ్చారు. సాయంత్రం దాకా దాన్నే కుట్టాను. "అయిందా అమ్మా?" అన్నారు. నేను తిరగేసి చూశాను, మళ్ళీ చూశాను, చంకల దగ్గర లాగి చూశాను. "అయిందండి," అన్నాను. ఆవిడ ఒక్కసారి తిరగేసి చూస్తే బాగుండునని, నన్ను నమ్మకుండా ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను. తీసుకున్నారు, మడతపెట్టారు, బీరువాలో పెట్టేశారు. ఆ రోజు బస్సులో మామిడికుదురు దాకా ఏడ్చాను.

మరుసటి ఏడే సత్తియ్య నావకి ఇంజను పెట్టాడు. తెరచాప వాళ్ళింట్లో గడ్డిమేటు మీద కప్పుగా మారింది. రెండువేల సంవత్సరం దాటాక పాతపాయ గట్టు మీద తారురోడ్డు వేశారు, బస్సు వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి, రాజోలులోనే సొంత కొట్టు. టీచరు గారికి షుగరు ముదిరి చూపు తగ్గుతోంది. ఒకరోజు ఆటో మాట్లాడుకుని వెళ్ళి, "రండి టీచర్ గారూ, మలుపు దాకా వెళ్ళొద్దాం. అరగంట," అన్నాను.

ఆవిడ నవ్వేశారు. "ఆటోలో వెళ్తే ఆటో పోయినచోటు చూస్తాం గాని, తెరచాపలు పోయినచోటు చూస్తామా అమ్మా? కూర్చో, టీ తాగు," అన్నారు. నేను బతిమాలలేదు. బతిమాలవలసింది. ఇంకో రెండేళ్ళకి ఆవిడ పోయారు.

నా కొట్లో పనిచేసే ఆడపిల్లలు కుట్టినదాన్ని నేను మూడుసార్లు తిరగేస్తాను. నమ్మకం లేదా అక్కా అని వాళ్ళు ఉడుక్కుంటారు. వాళ్ళ మీద కాదు, నామీద లేదని వాళ్ళకి చెప్పను. ఆవిడలా నమ్మడం చేతకావాలంటే చాలా పెద్ద మనసుండాలి, అది నాకు రాలేదు. అంతర్వేది వైపు చుట్టాలున్నారు, ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆ గట్టు మీది బస్సులో వెళ్ళవలసి వస్తుంది. కిటికీ పక్కనే కూర్చుంటాను, నీళ్ళు చూస్తూ పోతాను. సరుగుడు చెట్లు విడివిడిగా కనిపించడం మొదలవగానే మాత్రం తల ఇటు తిప్పేసుకుని, మలుపు దాటిపోయిందని బస్సు కుదుపుని బట్టి తెలిసేదాకా కళ్ళు మూసుకుంటాను.