బీడు మీద జీపు

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తారు. జగ్గయ్యపేటలోని మా ఇంటి నుంచి స్కూటరు మీద వెళ్తూ రోడ్డుపై చిన్న గుంత తగిలినా చాలు, నడుము పట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టిపోస్తారు. అలాంటి మనిషి యాభై దాటాక, గుంతలు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ ఊరి బయటికి పోవడం మొదలుపెట్టారు.

దానికి కారణం ఆయన కాలేజీ స్నేహితుడు. నందిగామలో స్థలాల వ్యాపారం చేస్తాడు. ఈమధ్య ఒక జీపు కొన్నాడు. దానికి నాలుగు చక్రాలూ ఒకేసారి లాగుతాయట. బురదైనా రాళ్ళైనా దిబ్బలైనా ఎక్కేస్తుందట. నందిగామ బజార్లో దానికి ఎక్కడానికి దొరికినవి స్పీడు బ్రేకర్లే. అందుకని ఆదివారాల్లో దాన్ని మా ఊరు తీసుకొచ్చేవాడు.

ముక్త్యాల వెళ్ళే దారిలో ఒక పాత సున్నపురాయి క్వారీ ఉంది. తవ్వకం ఆపేసి చాలా ఏళ్ళయింది. నీళ్ళు నిండిన పెద్ద గొయ్యి, చుట్టూ మట్టి దిబ్బలు మిగిలాయి. పక్కనే ప్రభుత్వ బీడు. అందులో చుట్టుపక్కల వాళ్ళ గొర్రెలు మేస్తాయి. స్నేహితులిద్దరికీ స్వర్గం అక్కడ దొరికింది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన నన్ను కూడా రమ్మన్నారు. ప్రేమ కొద్దీ కాదు, వీడియో తీసే మనిషి కావాలట. వేళ్ళు కత్తిరించిన గ్లౌజులు, మిలటరీ రంగు ప్యాంటు, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని హాల్లో నిలబడ్డారు.

“యుద్ధం ఎవరితో అండీ?” అన్నా.

“నీకు తెలీదులే. ఇదంతా సేఫ్టీ” అన్నారు.

బీడు దగ్గరికి చేరాక స్నేహితుడు జీపు ముందు నిలబడి నా ఫోను వైపు చూస్తూ ఉపన్యాసం అందుకున్నాడు. “ఫ్రెండ్స్, సేఫ్టీ ఫస్ట్! సీటు బెల్టు లేకుండా బండి కదపొద్దు. గట్టు అంచుకి పోవద్దు. పశువులు కనపడితే ఆగాలి, హారన్ కొట్టకూడదు. ప్రభుత్వ భూమిలోకి పర్మిషన్ లేకుండా అడుగు పెట్టొద్దు!” గాలికి మాట సరిగా రాలేదని మళ్ళీ చెప్పాడు. టోపీ వంకరగా ఉందని ఇంకోసారి చెప్పాడు.

“మరి మీరు పర్మిషన్ తీసుకున్నారా అన్నయ్యగారూ?” అని అడిగా.

“ప్రభుత్వ భూమంటే మనదే కదా చెల్లెమ్మా! మనింట్లోకి మనం పోవడానికి పర్మిషనేంటి?” అని నవ్వాడు. ఆయన అమ్మే ప్లాట్ల చుట్టూ మాత్రం కంచె ఉంటుంది. లోపలికి వచ్చినవారు శిక్షార్హులని ఎర్రక్షరాల బోర్డు కూడా ఉంటుంది.

ఇద్దరూ జీపెక్కారు. బెల్టు పెట్టుకోకపోతే బండి కుయ్యిమని మొత్తుకుంటుంది కదా, దాని నోరు మూయించడానికి బెల్టు దూర్చే చోట ఒక ఇనుప బిళ్ళ దూర్చి పెట్టారు. బజార్లో దొరుకుతుంది. ఇదేమిటని అడిగితే, “హైవే ఎక్కినప్పుడు పెట్టుకుంటాంలేవే. ఇక్కడ పోలీసులెవరున్నారు?” అన్నారు మా ఆయన. ఈయన ప్రాణం పోలీసులదని నాకు అంతవరకూ తెలియదు.

బండి కదలబోతుండగా గొర్రెలు కాసుకునే ఒక పెద్దావిడ కర్ర ఊపుకుంటూ వచ్చింది. “ఏందయ్యా, అటు పోబాకండి. చూడి గొర్లున్నాయి. బెదిరి పరిగెత్తినాయంటే కడుపులు పోతాయి” అని బతిమాలింది.

సమాధానంగా స్నేహితుడు హారన్ మీద చెయ్యి వేసి, తియ్యకుండా నొక్కాడు. మంద చెల్లాచెదురైంది. ఆవిడ తిట్టుకుంటూ గొర్రెల వెనక పరిగెత్తింది. జీపు దుమ్ము లేపుకుంటూ అన్నిటికన్నా పెద్ద దిబ్బ మీదికి ఎగబాకింది.

ముందు వారం వానలకు ఆ దిబ్బ నాని ఉంది. పైకి చేరి అంచు మీద ఆగీ ఆగగానే ఎడమ చక్రాల కింద మట్టి జారింది. బండి నెమ్మదిగా ఒరిగి, ఇటువైపు వాలుకు జారి, పక్కకి పడిపోయింది. అదే అవతల నీళ్ళ గోతి వైపు ఒరిగి ఉంటే నేనిదంతా ఈ తీరున రాసేదాన్ని కాదు.

నా చేతిలో ఫోను ఎప్పుడు పడిపోయిందో తెలియదు. ఆయన్ని పిలుచుకుంటూ పరిగెత్తా. వెటకారమంతా ఎటు పోయిందో, నోట్లో “ప్రభువా” తప్ప ఇంకో మాట లేదు. దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి మా ఆయన గొంతు నీరసంగా వినిపించింది.

“వీడియో వచ్చిందా?”

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందాన్నీ, ఆయన్ని అక్కడే వదిలేసి ఇంటికి పోవాలన్న కోరికనూ విడదీసి చెప్పలేను.

స్టీరింగు దగ్గరున్న స్నేహితుడు బెల్టు లేనందువల్ల నేరుగా మా ఆయన మీద పడ్డాడు. ఆయన బరువుకి మా ఆయన ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. స్నేహితుడికి మెత్తని చోటు దొరికింది కాబట్టి గీత కూడా పడలేదు. గొర్రెల ఆవిడ కూడా వచ్చి చెయ్యి వేస్తే వెనక తలుపులోంచి ఇద్దర్నీ బయటికి లాగాం. నా చున్నీతో చెయ్యి మెడకి కట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళా. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మా ఆయన ఒకటే చెప్పారు: “బండి తప్పేం లేదండీ. మట్టే మోసం చేసింది.”

కొన్నాళ్ళకి గొర్రెల వాళ్ళంతా కలిసి బీడు దారికి అడ్డంగా తుమ్మకంప వేశారు. స్నేహితుడు మండిపడుతూ మా ఇంటికొచ్చాడు.

“చూశావా చెల్లెమ్మా? ప్రభుత్వ భూమిని కబ్జా చేశారు! అది ప్రజల ఆస్తి!”

రెవెన్యూ ఆఫీసులో ఫిర్యాదు కూడా చేశాడు. ఆఫీసరు బీడు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి మా ఆయన్ని సాక్ష్యానికి రమ్మన్నాడు. నేనూ వెళ్ళా, పిలవకపోయినా.

“మీరు ఇక్కడికి దేనికొస్తారండీ?” అని అడిగాడు ఆఫీసరు.

“ప్రకృతిని చూడ్డానికండీ” అని స్నేహితుడు అందుకున్నాడు.

“బండ్లు నడుపుతున్నారంటున్నారు. ఎవరికన్నా దెబ్బలు తగిలాయా?”

“అబ్బే, లేదండీ” అన్నాడు స్నేహితుడు. అందరూ మా ఆయన మెడలో వేలాడుతున్న చేతికట్టు వైపు చూశారు.

“ఇదా? బాత్రూంలో జారానండీ” అన్నారు మా ఆయన.

మా బాత్రూంని రోజూ కడిగేది నేను. ఆ నింద నేను మొయ్యలేకపోయా. “అబద్ధమండీ. అదుగో, ఆ దిబ్బ మీంచి పడ్డారు. ఆ పెద్దావిడ వద్దని మొత్తుకున్నా వినలేదు” అని చెప్పేశా.

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. కంప అలాగే ఉండనివ్వమని, బండ్లు మాత్రం మళ్ళీ కనిపిస్తే కేసు పెడతానని చెప్పి వెళ్ళిపోయాడు. స్నేహితుడు అప్పటినుంచి నన్ను చెల్లెమ్మా అనడం లేదు. ఇప్పుడు జీపు కోసం కంచికచర్ల అవతల ఏదో వాగు చూసుకున్నాడట. మా ఆయన కొన్నిరోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజుల్లో ఇల్లు హాయిగా ఉంది.

కట్టు విప్పాక, ఆయనే ఒకరోజు బీడు దగ్గరికి పోదామన్నారు. గొర్రెల ఆవిడ దూరం నుంచే గుర్తుపట్టి, “చెయ్యి అతుక్కుందా అయ్యా?” అని అడిగింది. ఆయన తలూపారు. ఆయన అడగాల్సింది, ఆ రోజు బెదిరిన చూడి గొర్రెల సంగతి. నేనే అడిగా.

“ఒకదానికి కడుపు పోయిందమ్మా. మిగతాయి ఈనినాయి” అంది.

ఆయన వంగి ఒక గొర్రెపిల్ల వీపు నిమిరారు. క్షమించమని ఏదో గొణిగారు. ఆవిడకి వినపడిందో లేదో తెలియదు. నాకైతే పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మీద జాలేసింది.

ఇంటికి తిరిగొస్తుంటే స్కూటరు నెమ్మది చేసి, వెనక్కి తిరిగి అన్నారు: “మనం కూడా ఒక పొట్టేల్ని పెంచుకుంటే ఎలా ఉంటుందే?”

“ముందు రోడ్డు చూసి నడపండి” అన్నా.