నీల్ జెట్టీ మీద పిన్ని

మొన్న పోర్ట్ బ్లెయిర్ శివారు గరాచర్మలో మా పక్కింట్లో దిగిన కొత్త దంపతులు నాలుగు దీవులు చుట్టి రావాలనుకుని, ఫోను చేతిలో పట్టుకుని నా సలహా కోసం వచ్చారు. ఏ దీవికి ఏ రోజు, ఏ పడవలో ఏ సీటు, ఎక్కడ బస, అన్నీ నేనిచ్చిన టీ చల్లారేలోపే వాళ్ళే తేల్చేసుకున్నారు. నన్ను అడగడం పెద్దవాణ్ణన్న మర్యాదకే. వెళ్ళేముందు ఆ అమ్మాయి, మీ రోజుల్లో ప్లాన్ ఎలా వేసేవారు అంకుల్ అని అడిగింది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు మనసు కుదుటపడలేదు. నేను మొట్టమొదట వేసిన దీవుల ప్రయాణపు ప్లాను మా అక్క ప్రాణం మీదికి తెచ్చింది మరి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న చాతంలో కలప కోసే సా మిల్లులో గుమాస్తా. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్న దినపత్రికలో ప్రూఫులు దిద్దుతూ, మధ్యమధ్య వార్తలు రాస్తూ ఉండేవాణ్ణి. బావ లాంగ్ ఐలాండ్ బడిలో మాస్టారు కావడంతో అక్క అక్కడే ఉండేది. ఆమె తొలి కాన్పు ఆ దీవిలోనే కష్టమై, సాయానికి చేయి తిరిగిన మనిషి లేక, బిడ్డ దక్కలేదు. ఈసారి నెల ముందే పోర్ట్ బ్లెయిర్ తీసుకురావాలనుకున్నాం గానీ, రక్తం కనబడిందనీ, ఓడ ఎక్కించవద్దని అక్కడి కాంపౌండర్ చెప్పాడనీ బావ ఉత్తరం రాశాడు. ఆమె రాలేనప్పుడు మేమే వెళ్ళాలి. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, నీల్ దీవి డిస్పెన్సరీలో నర్సు; అడ్డం తిరిగిన బిడ్డలను కూడా ప్రాణాలతో బయటికి తీసిన చెయ్యి ఆమెది. అమ్మను ఓడ ఎక్కించి, దారిలో నీల్‌లో పిన్నిని ఎక్కించుకుని, హేవ్‌లాక్ మీదుగా లాంగ్ ఐలాండ్ చేరడం నా ప్లాను.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో దీవుల మధ్య తిరిగే ఓడకు టైంటేబుల్ అంటూ ఉండేది కాదు, ఏ ప్రయాణానికి ఆ ప్రయాణం వేసే ప్రోగ్రాం ఉండేది. అది హార్బరు నుంచి కాగితం మీద మా పత్రికకు వచ్చేది, సాయంత్రం రేడియోలో చదివేవారు, ఇళ్ళలో ఆడవాళ్ళు గరిటె పట్టుకుని అలాగే నిలబడి వినేవారు. నాకా అవసరం లేదనుకునేవాణ్ణి. ఊరంతా రేపు చదివేది నేను ఇవాళే చదివేవాణ్ణి కనుక, అచ్చయిన పత్రిక విప్పి చూసే అలవాటే నాకు లేదు. ఆ మధ్యాహ్నం ప్రూఫులో నీల్, హేవ్‌లాక్, లాంగ్ ఐలాండ్ అన్న వరస చూశాను, పరుగున పోయి పోలీసు వైర్‌లెస్‌లో పిన్నికి కబురు పంపించాను, ఎల్లుండి పొద్దున జెట్టీ మీద ఉండమని. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ నాన్న రేడియో పెట్టబోతే, ఆ చదివేది మా కాగితమే కదా అని ఆపించాను.

మూడోనాడు తెల్లవారుజామున అమ్మతో ఓడ ఎక్కాను. మే నెలాఖరు, నైరుతి గాలి అప్పుడే మొదలైంది. అమ్మను కూర్చోబెట్టి, నీల్ రాగానే పిన్నిని చూడాలంటే ఈ పక్కన కూర్చో అని చెబుతుంటే, ఎదురుగా బియ్యం బస్తా మీద కూర్చున్న ఒక పెద్దమనిషి నావంక వింతగా చూశాడు.

"నీల్ ఆఖర్న కదా భయ్యా! లాంగ్ ఐలాండ్‌లో రాషన్ ఖతం అయిపోయిందని జహాజు సీదా అటే పోతంది. ఎల్లుండి వాపస్‌లో గానీ నీల్ ఆగదు. అఖ్బార్లో వేశారు, చూడలేదేటి?"

ఆయన ఒళ్ళో మడిచి ఉన్నది మా పత్రికే. నేను వైర్‌లెస్ ఆఫీసుకు పరుగెత్తిన తర్వాత హార్బరు నుంచి రెండో కాగితం వచ్చిందట, కంపోజిటరు వరస మార్చి అచ్చు వేశాడు. నాలుగే నాలుగు పంక్తులు. వాటిని ఊరంతా చదివింది, నేను తప్ప. పిన్ని ఇంట రేడియో లేదు, ఆమె ఉన్న దీవికి ఆ పత్రిక వెళ్ళాలన్నా ఈ ఓడే తీసుకెళ్ళాలి.

అమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. నిచ్చెన తీసే మనుషులు అప్పటికే తాళ్ళు విప్పుతున్నారు.

"నేను మీ అక్క కాడికి పోతాను. నువ్వు దిగి, ఎలాగైనా పిన్నిని అట్టుకురా. దిగరా!" అంది.

దూకినట్టే దిగాను. అంత పొద్దున్నే వైర్‌లెస్ ఆఫీసు తెరవరు. జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు ఉండేవారు. వాళ్ళలో ఇంజను డోంగీ, అంటే చిన్న నాటు పడవ, ఉన్న ఒకాయనకు సంగతి చెబితే, ఆయన ముందు ఆకాశం చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"పేపరు రాసేవోడివి, పేపరు సదవలేదేటి బాబూ?" అన్నాడు. అంటూనే డీజిలు డబ్బా ఎత్తాడు.

దారి పొడుగునా ఆయన ఒక్కటే చెబుతూ వచ్చాడు. నీల్ దగ్గర రాళ్ళ మీదుగా డోంగీ పోవాలంటే పోటు మీదే పోవాలి, పదకొండు దాటితే నీరు తీసేస్తుంది, పిన్నిగారు జెట్టీ మీద ఉంటే సరే, లేకపోతే సాయంత్రం దాకా డోంగీ ఇసకలోనే. పిన్ని ఇల్లు జెట్టీకి గంట నడక. ఉదయం ఏడింటికి వస్తుందన్న ఓడ రాకపోతే పదకొండు దాకా ఎవరు కూర్చుంటారు? పడవ ఎక్కే ప్రతి కెరటం మీదా నేను ఆ లెక్కే వేశాను, ఇల్లు చేరి ఉంటుందనే తేలింది.

జెట్టీ కనబడ్డప్పుడు దాని మీద ఎవరూ ఉన్నట్టు లేదు. ఇంకొంచెం దగ్గరయ్యాక ఒక నల్ల గొడుగు కనబడింది, దాని కింద ట్రంకు పెట్టె, పెట్టె మీద పిన్ని. డోంగీ ఆగకముందే మందుల సంచీ నా మీదికి విసిరింది.

"ఏట్రా, ఓడని తెస్తానని డోంగీ తెచ్చావు? పైసల దగ్గర పొదుపు బాగా నేర్చావు!"

నీరు తీయడానికి ఇంకా ఎంత ఉందని పడవాయనను అడిగితే, తీయడం మొదలైపోయిందన్నాడు. డోంగీ అడుగు రాళ్ళకు రాసుకుంటూ బయటపడ్డాం. దారిలో నేను జరిగింది చెబుతుంటే పిన్ని వాంతి చేసుకుంటూనే వింది. ఇంటికి ఎందుకు వెళ్ళిపోలేదని అడిగాను. "రమ్మని కబురెట్టావు. వద్దని ఎవులూ సెప్పలేదు కదా" అంది, అందులో అడగడానికేముందన్నట్టు.

పొద్దు వాలే వేళకు లాంగ్ ఐలాండ్ చేరాం. అక్కకు నొప్పులు అప్పటికే మొదలయ్యాయి, బిడ్డ కాళ్ళతో వస్తోంది. అమ్మ గుమ్మంలో నిలబడి పిన్నిని చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. తెల్లవారాక మేనకోడలి ఏడుపు విన్నాను. వరండాలో బావ నా భుజం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చాడు. అమ్మ ఆ తర్వాత బతికిన అన్నేళ్ళలోనూ ఆ ప్రోగ్రాం సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. నేను మాత్రం ఆనాటి నుంచి, నేనే దిద్దిన పత్రికైనా సరే, పొద్దున్నే మొదటి పంక్తి నుంచి చదివేవాణ్ణి.

ఇప్పుడు ఓడ పది నిమిషాలు ఆలస్యమైనా జేబులోకి కబురు వస్తుంది. సముద్రం బాగోలేకపోతే హెలికాప్టరు ఉంది, ఆసుపత్రులు ఉన్నాయి. ఎవరూ ఎండలో పెట్టె మీద కూర్చోనక్కర లేదు, అది మంచికే, అలాంటి రోజు ఏ ఇంటికీ రాకూడదు. కానీ ఒక మాట మాత్రం నన్ను వదలదు. ఆ ఉదయం ఓడ రాదన్న కబురు ఏ విధంగానైనా పిన్నికి అంది ఉంటే, ఆమె గొడుగు ముడిచి ఇంటికి వెళ్ళిపోయి ఉండేది.