లోపలికి రమ్మన్నందుకు

రాస్తున్నావా తల్లీ? ఇందాక బెల్ మోగి పోలీసాయన వచ్చాడు కదా, నేను అలవాటు కొద్దీ గడియ మీద చెయ్యి వేశానో లేదో, నువ్వు సోఫాలోంచి లేవకుండానే ఆ బెల్ కెమెరాలో ఆయన్ని చూస్తూ ఫోన్‌లోంచే "డూ యూ హ్యావ్ ఎ వారెంట్?" అని అడిగేశావు. పాపం, పక్కింటి వాళ్ళ కారు పోయిందని, మనమేమైనా చూశామేమో కనుక్కోవడానికి వచ్చాడట. నువ్వు నవ్వావు. నేను మాత్రం గడియ వదిలేసి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎందుకో చెప్తాను, నా మాటల్ని ఇంగ్లీషులోకి మార్చకుండా రాసుకో.

అప్పటికి మేం ఈ కెనడాలో, ఈ విండ్సర్‌లో లేం, నది అవతల అమెరికా వైపు డెట్రాయిట్‌లో ఉండేవాళ్ళం. నాకు హాస్పిటల్లో నర్సు ఉద్యోగం, మా తమ్ముడు మా దగ్గరే ఉండి చదువుకునేవాడు. మీ తాతయ్య బందరులో సివిక్స్ లెక్చరరుగా చేసిన మనిషి కదా, అక్కడ స్టోర్‌లో పనిచేస్తున్నా పాఠం చెప్పడం మానలేదు. చర్చి నుంచి ఎవరు భోజనానికొచ్చినా, జడ్జి సంతకం పెట్టిన వారెంట్ లేకపోతే ఈ దేశంలో ప్రెసిడెంటు కూడా నీ గుమ్మం దాటలేడయ్యా, అదీ వీళ్ళ రాజ్యాంగం అంటూ పప్పన్నం కలుపుతూ మొదలుపెట్టేవారు. "బావా, ముందు ఆ ముద్ద తిను, రాజ్యాంగం చల్లారిపోదులే" అని తమ్ముడు ఏడిపించేవాడు.

ఆ చలికాలం వాడికి కామెర్లొచ్చి ఒక సెమిస్టరు మానేశాడు. కాలేజీ ఆఫీసులో చెప్పాలని తెలియక ఊరుకున్నాడు, దాంతో వీసా స్టేటస్ పోయింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరు ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు, మాకంటే ముందు ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాయన కోసం వచ్చారు. చేతిలో వారెంట్ లేదు. బయట మంచు కురుస్తోంది. ఇన్నాళ్ళు చెప్పిన పాఠం ఏమైపోయిందో గానీ, మీ తాతయ్య తలుపు బార్లా తీసి "కమిన్ సర్, కమిన్, వెరీ కోల్డ్" అన్నారు. మన ఇళ్ళల్లో అంతే కదమ్మా, వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతామా? నేను టీ పెట్టాను. వాళ్ళు తాగారు కూడా. అంతలో తమ్ముడు లుంగీతో, నోట్లో బ్రష్షుతో గదిలోంచి వచ్చాడు. పేరడిగారు, కాగితాలడిగారు, తీసుకెళ్ళిపోయారు.

మా లాయరు ఒక నల్లజాతి ఆవిడ. తలుపు తీసిందెవరు, ఏమన్నారు, అని అదొక్కటే అడిగింది. వాళ్ళంతట వాళ్ళు చొరబడి ఉంటే కేసులో పట్టుండేది, మీరే రమ్మంటే ఒప్పుకున్నట్టే అంది. మా పిల్లలకి మాటలు రాగానే నేర్పుతాం, ఎవరొచ్చినా తలుపు గొలుసు తియ్యకుండా మాట్లాడాలని, అని కూడా అంది. ఆ గొలుసు విలువ తెలియడానికి వాళ్ళ పెద్దవాళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నారో!

జైల్లో అద్దం అవతల నుంచి తమ్ముడు ఫోను పట్టుకుని, "బావా, తోసుకొచ్చారని ఒక్క మాట చెప్పు, చాలు" అని ఏడ్చాడు. కోర్టులో మీ తాతయ్య ప్రమాణం చేసి, నేనే రమ్మన్నాను అన్నారు. అబద్ధమాడటం చేతకాని మనిషి. ఆ నిజానికి దేవుడు ఏం మెచ్చుకున్నాడో నాకైతే కనబడలేదు. తమ్ముణ్ణి ఇండియాకి పంపించేశారు.

ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాక మేం ఇటు వచ్చేశాం. వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, మీ అమ్మనీ నిన్నూ అడుగుతాడు, బావ ఎలా ఉన్నాడని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆయన పోయిన రోజు కూడా, "అక్కా, నువ్వేమైనా తిన్నావా?" అన్నాడంతే.

మా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బెల్ మోగితే ఎవరో చూడకముందే టీ గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్ళు పోసేవాళ్ళం. ఇప్పుడు చర్చికొచ్చే మన స్టూడెంట్లకి నేనే చెప్తున్నాను, ఎవరొచ్చినా తలుపు తియ్యకండి, వారెంట్ అడగండి అని. ఈ ఆంటీకి మర్యాద తెలియదనుకుంటారేమో, అనుకోనీ. నువ్వు అడిగిందీ కరెక్టే తల్లీ. ఆ పోలీసాయన వెళ్తుంటే వాన మొదలైంది, గొడుగు కూడా లేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను గానీ, తలుపు తియ్యలేదు.