మురికి కక్కిన ఆల్చిప్పలు

సముద్రానికి ఇంత దూరాన హైదరాబాదులో కూర్చుని సముద్రపు నీళ్ళ మీద పరిశోధన ఏమిటని చాలామంది అడిగేవారు. సీటు ఇక్కడ వచ్చింది, అంతే. నా పని ఆల్చిప్పలతో. చేప ఊళ్ళు తిరుగుతుంది కాబట్టి దాని ఒంట్లో విషం ఎక్కడిదో చెప్పలేం. ఆల్చిప్ప ఉన్న చోటే ఉండి, అక్కడి నీళ్ళనే వడకట్టుకుంటూ, అందులోని సీసాన్నీ పాదరసాన్నీ ఒంట్లో దాచుకుంటుంది. దాని మాంసం పరీక్షిస్తే ఆ నీళ్ళ జాతకం తెలుస్తుంది. స్థానికత అంటే అదీ. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ టీ బడ్డీల దగ్గర ఈ మాట చెబుదామని చాలాసార్లు అనుకున్నాను గానీ, ధైర్యం చాలలేదు.

మధ్య అంతస్తులో ఉండే మా ఓనరమ్మది నల్లగొండ వైపు పల్లె. కింది వాటాలో అద్దెకుండే ఆంటీది, నాలాగే, కాకినాడ వైపు. నేను పై గదిలో ఉండేదాన్ని. ఉద్యమం ఊపందుకున్నాక వాళ్ళిద్దరూ మాటలు మానేశారు. మోటారు వెయ్యమని చెప్పాలన్నా నాతోనే కబురు. ఆ మెట్లు ఎక్కీ దిగీ నేను చిక్కిపోయాను.

అప్పుడే మా తీరంలో ఒక జాలరిపల్లె వాళ్ళు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పెట్టారు. ఫ్యాక్టరీ నీళ్ళు తమ కాలవలో కలుస్తున్నాయనీ, పిల్లలకి ఒళ్ళంతా పుళ్ళు వస్తున్నాయనీ. సోమవారం విచారణ. కాలవలోని ఆల్చిప్పలు పంపితే పరీక్షించి కాగితం ఇస్తామని మా ప్రొఫెసర్ మాటిచ్చారు. పల్లె పెద్ద వాటిని ఐసు పెట్టెలో సర్ది బస్సుకిచ్చాడు. బందు సంగతి ఆ తర్వాత తెలిసింది. బస్సుని అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఆపేస్తే, ఒక ఆటో అతన్ని బతిమాలి పెట్టెని ఎల్బీ నగర్ దాకా తెచ్చుకుని, అక్కణ్ణించి చంక మార్చుకుంటూ నడిచి ఇల్లు చేరాను. మూసారాంబాగ్ అవతలున్న మా ప్రయోగశాలకి తాళం. నా గదిలో ఫ్రిజ్ లేదు. ఇవి పరీక్షకి వెళ్ళాలి, జాగ్రత్త అని చెప్పి ఆంటీ ఫ్రిజ్‌లో పెట్టించాను.

మర్నాడు సాయంత్రం ప్రయోగశాల తెరుస్తారని కబురొస్తే కిందికి పరిగెత్తాను. ఆంటీ వంటింట్లో ఓనరమ్మ కూర్చుని ఉంది. ఇద్దరూ కబుర్లాడుకుంటున్నారు. మధ్యలో బేసిను, బేసిన్లో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో నా ఆల్చిప్పలు. మా వైపు వండే ముందు అలాగే నానేస్తారు. నోళ్ళు తెరిచి లోపలి మురికంతా కక్కేస్తాయి. ముందురోజు నుంచీ పూటపూటా నీళ్ళు మారుస్తున్నారట. బోరు నీళ్ళూ రాళ్ళుప్పూ ఓనరమ్మవి, చేతిపని ఆంటీది.

"పరీక్షకిస్తున్నావు కదమ్మా. అంత మురికితో పంపితే మన వైపు పరువేం కాను?" అంది ఆంటీ.

"గంత బురదుండె బిడ్డా. జర సాఫ్ జేసి ఇస్తే మంచిగుంటదని నేనే అన్న," అంది ఓనరమ్మ.

ఆ ఏడాది రెండు ప్రాంతాల మధ్య కుదిరిన ఒకే ఒక్క ఒప్పందం అదే అయ్యుండాలి. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. నాకు కావలసింది ఆ మురికేనని చెబితే ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. తిండీ నిద్రా లేక ఇలా అయిందని తీర్మానించి, అన్నం పెట్టారు.

ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. కడుపులోని బురదతో పాటు విషమూ కొంత పోయుంటుంది కాబట్టి ఇప్పుడు వాటిని పరీక్షిస్తే ఉన్నదానికన్నా తక్కువే తేలుతుందనీ, ఫ్యాక్టరీ వాళ్ళు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకుంటారనీ అన్నారు. పారెయ్యమన్నారు. ఆ రాత్రే బందు పొడిగించారు. సోమవారంలోగా ఇంకో పెట్టె వచ్చే దారి లేదు.

పల్లె పెద్దకి చెప్పాల్సింది నేనే. ఆయన తిడితే బాగుండేది. బేసిను, ఉప్పు, బోరు నీళ్ళు, అన్నీ ఓపిగ్గా విన్నాడు. విచారణ గురించి ఒక్క మాట అడగలేదు.

"అయితే మీ నీళ్ళలో ఒక్క రోజుంటే ఒంట్లో విషం పోద్దన్నమాటండి," అన్నాడు. "మా పిల్లల్నీ బస్సెక్కించేస్తానండి. బందు ఎప్పుడు తీస్తారో కనుక్కుని చెప్పండి."