‘ఇయ్యం’ అనే ఒక్క మాట కోసం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ లేదు. కామారెడ్డి కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపులో పని, సాయంత్రం షట్టర్ దించగానే గ్రంథాలయం. అక్కడ మూలనున్న అల్మారాలోని చట్టాల పుస్తకాలను నేను తప్ప ఎవరూ తాకేవారు కాదు (వాటి దుమ్ముకు నాకు తుమ్ములు, నా తుమ్ములకు లైబ్రేరియన్‌కు కోపం). ఇంటర్‌తో చదువు ఆగినవాడికి పుస్తకం ఇచ్చే ధైర్యం మామూలుది కాదు. మా వాడలో నన్ను ‘సెక్షన్’ అని పిలిచేవారు. అది బిరుదు కాదు, వెక్కిరింత అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

అందుకే కష్టం రాగానే మా పెద్దమ్మ కూతురు నేరుగా నా దగ్గరికే వచ్చింది. అక్కకూ బావకూ విడాకులయ్యాయి. కొడుకు ఎల్లారెడ్డిలో బావ దగ్గర ఉండాలని, ప్రతి ఆదివారం మాత్రం పొద్దున అక్కకు అప్పగించి సాయంత్రం తీసుకుపోవాలని కోర్టు చెప్పింది. ఉత్తర్వు వచ్చింది గాని పిల్లవాడు రాలేదు. ఒకసారి జ్వరమన్నారు, ఒకసారి చుట్టాల పెండ్లి అన్నారు. “వాడు నా మొకం మరిచిపోతడేమో తమ్మీ” అంది అక్క. “మరువడు. కోర్టు ధిక్కరణ కేసు ఏస్త. బావ జైలుకు పోతడు” అన్నాను, జైలు తాళంచెవి నా జేబులోనే ఉన్నట్టు.

మా షాపుకు వచ్చే వకీలు సాబ్ ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. “జల్ది పడకు. శిక్ష ఈ కోర్టు ఎయ్యదు, హైకోర్టుకు రాయాలె. రాయాలంటే వాళ్లు కావాలనే ఇస్తలేరని రుజువు కావాలె. మీ అక్క ఆ గడప తొక్కనంటున్నది గదా, నువ్వు పో. పిలగాన్ని అడుగు. ఏమంటరో విని వచ్చి సాక్ష్యం చెప్పు.” అంటే వాళ్ల నోటి నుంచి ‘ఇయ్యం’ అనే ఒక్క మాట తెస్తే చాలునని నేను తేల్చేసుకున్నాను.

ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కి, దారి పొడవునా వాక్యం సాధన చేసి, వాళ్ల గడప ముందు నిలబడ్డాను. “అత్తమ్మా, కోర్టు ఉత్తర్వు ప్రకారం పిలగాన్ని ఇస్తరా, ఇయ్యరా? ఒక్కటే మాట చెప్పుండ్రి.” అక్క అత్తగారు నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “గట్ల ఎండల నిలవడి అడుగుతవా కొడుకా? కాళ్లు కడుక్కో. తిన్నంక మాట్లాడుకుందం.” ఆ ఇంటి పద్ధతి అది. గడప దాటి వచ్చిన చుట్టానికి లేదనే మాట చెప్పరు. విడాకులైనా చుట్టం చుట్టమే. నాటుకోడి కూర, జొన్నరొట్టె. తిన్నాక గొంతు పెంచడం ఎలా? (తిన్న ఇంట్లో తగువు పెట్టుకునే పద్ధతి మా ఇంట్లోనూ లేదు.) అయినా మెల్లగా అడిగాను. “ఇస్తం తియ్యి, యాడికి పోతడు?” అంది. బావ ఫోన్ నుంచి తల ఎత్తకుండా “అమ్మ చెప్పింది గద” అన్నాడు. బుడ్డోడు తలుపు చాటు నుంచి “మామా, అమ్మ రాలేదా?” అన్నాడు. వెంటనే వాణ్ణి లోపలికి పిలిచారు. నేను ఒక్కణ్ణే బస్సెక్కాను.

తర్వాతి ఆదివారం మటన్. ఆ పై ఆదివారం నిజాంసాగర్ చేపలు. ప్రతిసారీ అదే ‘ఇస్తం తియ్యి’. అక్క నా చేయి పట్టుకుని వాసన చూసి, “పిలగాని కోసం పోతున్నవా, కూర కోసమా?” అంది. కళ్లలో నీళ్లున్నాయి గనుక నేను నవ్వలేకపోయాను.

‘ఇయ్యం’ లేకుండానే వకీలు సాబ్ కేసు వేశాడు. విచారణ రోజు నేను ఇస్త్రీ చొక్కాతో సాక్షి బోనెక్కి, గ్రంథాలయంలో చదివిందంతా చెబుదామని గొంతు సవరించుకున్నాను. అంతలో బావ తరఫు వకీలు లేచి, “మేడం, ఇతడు వీళ్లింటికి వెళ్లనేలేదు. పిల్లవాణ్ణి అడగనే లేదు. ఆ ఇంట్లో మంచినీళ్లయినా తాగలేదు” అన్నాడు.

వెనక బెంచీలో అత్తమ్మ దిగ్గున లేచింది. “ఏందయ్యా గట్ల మాట్లాడుతవు? మా ఇంటికొచ్చినోడు నీళ్లు తాగకుంట పోయిండా? నాటుకోడి కోసి పెట్టిన! మటన్ వండిన! చేపల పులుసు పెట్టిన! అడుగుండ్రి, ఆడనే ఉన్నడు!”

హాలంతా నవ్వు. జడ్జి మేడం మాత్రం నవ్వలేదు. “ఎందుకొచ్చేవాడమ్మా?” అని నెమ్మదిగా అడిగారు.

“పిలగాని కోసమే మేడం. ఇంకెందుకొస్తడు?”

“మరి పిల్లవాణ్ణి పంపారా?”

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల వైపు చూశాడు. “అన్నం పెట్టి పంపితే ఉత్తర్వు పాటించినట్టు కాదు. వచ్చే ఆదివారం బాబు తల్లి దగ్గర లేకపోతే హైకోర్టుకు రాస్తాను” అన్నారు మేడం. నేను దాచుకున్న సెక్షన్లన్నీ నా గొంతులోనే ఉండిపోయాయి.

ఆదివారం పొద్దున కామారెడ్డి బస్టాండులో బావ చేయి విడిపించుకుని బుడ్డోడు “అమ్మా” అని పరుగెత్తుకొచ్చాడు. ఏమీ మరిచిపోలేదు వాడు. చేతిలో స్టీలు డబ్బా. “నానమ్మ మామకియ్యుమన్నది.” ఆ కూర నేను తిన్నాను. ఎందుకు తినను?

ఇప్పటికీ ఆ అల్మారా దగ్గరికి పోతుంటాను. తుమ్ము వచ్చినప్పుడల్లా, బావను జైలుకు పంపిస్తానన్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. చట్టం వాడికి బాగానే తెలుసు. కాని ఆ ఆదివారం సాయంత్రం, కడిగిన డబ్బాను నేను ఉత్తదే తిరిగి ఇవ్వబోతుంటే అక్క లాక్కుని, నిండా సకినాలు పోసి, “నానమ్మకియ్యి బిడ్డా” అని కొడుకు చేతిలో పెట్టింది. ఆ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.