బర్రె ఎప్పుడు చచ్చింది

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. రాముడికైనా చెప్పుకుందామని భద్రాచలం పోయి, గోదాట్లో మునిగి, చెప్పకుండానే తిరిగొచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది పినపాక దగ్గర అడవి అంచున చిన్న పల్లె. కరెంటు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. పక్క గది మల్లేశానికి కిరాయికిచ్చాం. బొగ్గుబాయిలో పని. అతని భార్య సరోజ. బాయికి పోవాలంటే వాగు దాటాలి. వానలు మొదలైతే, అతను తిరిగొచ్చేదాకా సరోజకు అన్నం సయించేది కాదు. అందుకే వాగు అవతల ఒక ఇల్లు చూసుకున్నారు.

వాళ్ళు పోవడం నాకు ఇష్టం లేదు. పక్షవాతంతో మా అత్తకు కాలూ చెయ్యీ, మాటా పడిపోయి ఉన్నాయి. ఆమెను లేపడం, కడగడం, బట్ట మార్చడం, సగం పైన సరోజే చేసేది, నేను అడక్కుండానే. ఆమె వెళ్ళిపోతే ఒక్కదాన్నే ఎట్లా చేసుకోను?

ఆ ఇంటామె, కిరాయికిచ్చే ముందు పాత ఇంటివాళ్ళను ఒకమాట అడిగి పోదామని మా ఇంటికొచ్చింది.

"మనుషులు మంచోళ్ళే అంటున్నరు వదినా. ఆమె మీ ఇంట్ల కాలువెట్టినంక ఏమన్న కీడు జరిగిందా?"

నేను మంచినీళ్ళ చెంబు ఆమె చేతికిచ్చాను.

"ఏం చెప్పాలె? పాడిబర్రె చచ్చిపాయె."

ఆమె అత్త మంచం వైపు చూసింది. "ముసలమ్మకు గూడ అప్పుడేనా?"

"అవ్."

ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే లేచిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారలేదు. తెలిసే అన్నాను. బర్రె చచ్చింది నిజం, అత్త మంచాన పడ్డదీ నిజం, కానీ రెండూ సరోజ మా గడప తొక్కకముందే, వాళ్ళు గది అడగకముందే జరిగాయి. అత్తకు మాట పోయింది కానీ చెవులు బాగానే వినపడేవి. ఆ రోజు నుంచి నేను ముద్ద పెడితే నోరు తెరవలేదు. సరోజ పెడితేనే తినేది.

ఆ మాట అవతల ఊరంతా పాకింది. వాళ్ళకు ఎవరూ ఇల్లివ్వలేదు. ఆ వానాకాలమే, పొద్దున షిఫ్టుకు బయలుదేరిన మల్లేశం వాగులో కొట్టుకుపోయాడు. వాన నేను కురిపించానా? వాగు నేను పొంగించానా? ఎన్నిసార్లు వాదించుకున్నానో. కానీ ఇల్లు దొరికి ఉంటే అతనికి ఆ వాగు దాటే పనే లేదు.

కర్మలయ్యాక సరోజ నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. "అక్కా, నా పాదమే మంచిది గాదు. నేనొస్తున్ననంగనే మీ ఇంటికి గూడ కీడు జరిగిందంట గద."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. అత్త మంచం మీంచి నన్నే చూస్తోంది. నేను సరోజ తల నిమిరి, ఊరుకోమన్నాను. కాదు అని మాత్రం అనలేదు.

మొన్న మా కొత్త ఇంటి గృహప్రవేశానికి సరోజ వచ్చింది. జుట్టు నెరిసింది. గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే, "వద్దక్కా, మళ్ల మీకేమన్న అయితే?" అంది.

నేను విస్తరి బయటికే తెచ్చి పెట్టాను. అక్కడే కూర్చుని తింది.

ఆమెతో చెప్పే ధైర్యం ఈ జన్మకు వస్తుందో రాదో. మీతో చెప్పినందుకే గుండె కాస్త తేలికైంది, అదీ సిగ్గుగానే ఉంది. ఇంకొక్కసారి అననివ్వండి. సరోజ రాకముందే మా బర్రె చచ్చింది.